గిరిమిట్ కాగితం

తెలుగులో వలస సాహిత్యాన్ని ఒకచోట చేర్చి చూద్దామని కూర్చున్నవాళ్ళకు మొదట తగిలేది ఒక పెద్ద ఖాళీ. రంగూను మీద నాటకం ఉంది, పాటలున్నాయి. గల్ఫు మీద కథలూ నవలలూ వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. 1912లో చదువు కోసం అమెరికా వెళ్ళి గదర్ పార్టీలో చేరిన దరిశి చెంచయ్య ‘నేనూ నా దేశం’ అని తన కథ తానే రాసుకున్నాడు. కాని 1860 నుంచి 1911 దాకా, అర్ధశతాబ్దం పైగా, విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి నేటాల్ చెరకు తోటలకు పోయిన కూలీలు తమ సంగతి తాము చెప్పుకున్న తెలుగు పుస్తకం ఒక్కటీ మన సాహిత్య చరిత్రల్లో కనిపించదు. అంతకు ముందే మారిషస్‌కు పోయినవాళ్ళూ, 1903 తర్వాత మద్రాసు రేవు మీదుగా ఫిజీకి పోయినవాళ్ళూ అంతే. వాళ్ళకు అక్షరం లేదు. అక్షరం ఉన్నవాళ్ళకు వాళ్ళు కనిపించలేదు.

అయినా వాళ్ళ మీద రాత లేదనడం పొరపాటు. ఒక్కొక్కరి మీద ఒక్కో రచన ఉంది. అది రాసింది దొరతనం. దాని పేరు ఎమిగ్రేషన్ పాస్. ఫిజీకి పోయిన ప్రతి స్త్రీకీ పురుషుడికీ ఒక పాస్ ఉండేది. నేటాల్‌కు పోయినవారి వివరాలు ఓడల జాబితాల్లో ఒక్కొక్క వరుసగా ఉన్నాయి. ఈ కాగితాలను చరిత్రకారులు అంకెల కోసం చదివారు. ఎంతమంది, ఏ జిల్లా, ఏ కులం, ఏ వయసు అని. మనం సాహిత్యం చదువుకునేవాళ్ళం కాబట్టి వాటిని రచనగా చదివి చూద్దాం. రచన అన్నాక ఎవరు ఎవరి గురించి ఎవరి కోసం రాశారన్నది చూడాలి కదా.

ఫిజీ పాస్ తీసుకోండి. పైన ఓడ పేరు. తర్వాత ఓడలో నంబరు, డిపోలో నంబరు. ఆ తర్వాతే మనిషి పేరు. తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, దగ్గరి బంధువు ఎవరు, పెళ్ళయితే ఎవరితో. జిల్లా, ఠాణా, ఊరు. ఎత్తు ఎన్ని అడుగులు ఎన్ని అంగుళాలు. చివరికి ఒంటి మీద గుర్తులు: ఏ మోకాలి కింద గాయపు మచ్చ ఉంది, ఏ చెంప మీద పుట్టుమచ్చ ఉంది. కింద అధికారుల ధ్రువీకరణలు. ఈ మనిషి రోగం లేనివాడు, టీకా వేశాం అని డాక్టర్లు. ఇష్టపడే వస్తున్నాడు, పని షరతులన్నీ వివరించి చెప్పాను అని వలస రాజ్యపు ఏజెంటు. ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నాడు, పోనివ్వవచ్చు అని ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’, అంటే వలసదారుల రక్షకుడు. అంతా ఇంగ్లీషులో. ఎవరి గురించి ఈ కాగితం పుట్టిందో ఆ మనిషికి దానిలో ఒక్క ముక్క చదవడం రాదు. ఊరు విడిచి ఎందుకు పోతున్నావు అన్న ప్రశ్నకు అందులో గడి లేదు.

ఈ కాగితం ఊరికే పుట్టలేదు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చట్టం 1833లో వచ్చి, మరుసటి ఏడు అమలయింది. అదే ఏడు, 1834 నవంబరు 2న, ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవు చేరింది. చెరకు తోటలు ఆగవు కదా! బానిస పోతే వాడి స్థానంలో ఒప్పందం మీద కూలీ వచ్చాడు. ఆ తర్వాత ఎనభై అయిదేళ్ళలో ఆ ఒక్క దీవికే దాదాపు అయిదు లక్షల మంది వచ్చారు. ఇది మళ్ళీ బానిసత్వమే అన్న మాట ఇంగ్లండులో మొదట్లోనే లేచింది. ఆ మాటకు జవాబుగా కంపెనీ ప్రభుత్వం 1837లో ఒక చట్టం చేసింది. కూలీ ఒక అధికారి ముందు నిలబడాలి, షరతులు కాగితం మీద ఉండాలి, ఒప్పందం అయిదేళ్ళకు మించకూడదు. అయినా అల్లరి తగ్గక 1839లో వలసను ఆపారు. 1842లో మారిషస్‌కు తిరిగి తెరిచారు, ఈసారి ఇంకొన్ని కాగితాలతో. 1883 చట్టం నాటికి కూలీని తెచ్చిన చోటే జిల్లా అధికారి ముందు నిలబెట్టి, ఇష్టమేనా అని అడిగి, రిజిస్టరు చేయాలన్న ఏర్పాటు స్థిరపడింది.

కాబట్టి పాస్ అనేది కూలీకి ఇచ్చిన హక్కు పత్రం అనుకోకూడదు. వాడు బానిస కాడు అని లోకానికి చూపడానికి యజమాని దగ్గరా ప్రభుత్వం దగ్గరా ఉండవలసిన రసీదు అది. ‘ఇష్టపడి’ అన్న ఒక్క మాట కోసం ఆ కాగితమంతా తయారయింది. ఆ ఇష్టం వెనక ఏముందో ఆ ప్రాంతపు చరిత్ర తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన డొక్కల కరువు, 1876-78 నాటి ధాత కరువు, జమీందారీ శిస్తులు, మిల్లు బట్ట వచ్చాక మూలబడ్డ మగ్గాలు. తలకింత అని కమీషను పుచ్చుకునే మేస్త్రీ ఈ ఇష్టాన్ని సంతలోనూ సత్రం దగ్గరా రైలు స్టేషను దగ్గరా వెతికి పట్టుకునేవాడు. అధికారి అడిగే ప్రశ్నలు నాలుగు. జవాబులు మేస్త్రీ ముందే నేర్పేవాడు. ఫిజీ షరతుల్లో మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు, వారంలో అయిదు రోజులు తొమ్మిదేసి గంటలు, శనివారం అయిదు గంటలు అని స్పష్టంగానే ఉంది. పనికి రాకపోతే, చెప్పిన కొలత పని తెమల్చకపోతే కోర్టుకు ఈడ్చి జైల్లో వేస్తారన్న సంగతి మాత్రం ఆ షరతుల్లో లేదు. రచనలో చెప్పనిదేదో చూడమని విమర్శకులు ఊరికే అనరు.

‘అగ్రిమెంట్’ అన్న ఇంగ్లీషు మాట కూలీ నోట్లో నలిగి గిరిమిట్ అయింది. ఫిజీలోనూ నేటాల్‌లోనూ వాళ్ళు తమను గిరిమిటియాలని చెప్పుకున్నారు. తాము చదవలేని ఆ కాగితానికి వాళ్ళు పెట్టుకున్న సొంత పేరు అదొక్కటే.

ఇక పేరు సంగతి. తెలుగువాళ్ళకు ఈ గడిలో జరిగిన నష్టం ఇంకెక్కడా జరగలేదనిపిస్తుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, పెట్టిన పేరు తర్వాత వస్తుంది. దొరల ఫారంలో పేరుకు ఒక గడి, తండ్రి పేరుకు ఒక గడి, కులానికి ఒక గడి ఉన్నాయి. ఇంటిపేరుకు గడి లేదు. గడి లేనిది రాయరు. ఏడు తరాలుగా వచ్చిన ఇంటిపేరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఆ కుటుంబం కదిలిందో తనలో దాచుకున్న ఇంటిపేరు, మద్రాసు డిపో బల్ల దగ్గర రాలిపోయింది. అవతలి ఒడ్డున పిల్లలు పుట్టి వాళ్ళకు ఇంటిపేరు కావలసి వచ్చినప్పుడు తండ్రి పేరో తాత పేరో ఆ స్థానంలో కూర్చుంది. అందుకే దక్షిణాఫ్రికాలో అప్పలసామి అన్నది ఇంటిపేరు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న ఉత్తరాంధ్ర పల్లెవాడు అక్కడ ఒక వంశానికి మూలపురుషుడయ్యాడు. కులం చివర వచ్చే ‘నాయుడు’ అక్కడి ఇంగ్లీషు స్పెల్లింగులో ‘నాయిడూ’గా సాగి, డర్బన్ నగరంలో వేల కుటుంబాలకు ఇంటిపేరుగా నిలిచింది. గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఆ గుమస్తాకు తెలుగు రావచ్చు, రాకపోవచ్చు. అరవంలో వినిపించే పద్ధతిలో రాసిన తెలుగు ఊళ్ళ పేర్లు, తెలుగు కులాల పేర్లు ఆ జాబితాల్లో కొల్లలు. ఆ కులపు గడిని మాత్రం ఏ గుమస్తా ఖాళీగా వదలలేదు.

ఈమధ్య ఒక ఆఫీసులో నా దరఖాస్తును తిప్పికొట్టారు. ఇంటిపేరును పొడి అక్షరంగా రాశానట, పూర్తిగా విప్పి రాయాలట, అదీ వాళ్ళ గడిలో పట్టేటట్టు. కిటికీ అవతలి యువకుడు తెలుగువాడే. అతని పేరులోనూ ముందు ఒక పొడి అక్షరం ఉంది. ఇద్దరం నవ్వుకున్నాం కాని దరఖాస్తు మాత్రం మళ్ళీ రాయవలసి వచ్చింది. నూట అరవై ఏళ్ళ క్రితం ఆ బల్ల దగ్గర నిలబడ్డవాడికి మళ్ళీ రాసుకునే వీలు లేదు.

1860 అక్టోబరు 12న ‘ట్రురో’ అనే ఓడ మద్రాసులో బయలుదేరి, నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. నేటాల్‌కు మొదటి కూలీ ఓడ అదే. అప్పటి నుంచి 1911 దాకా అక్కడ దిగినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి పోయినవారు. ఇంత కచ్చితమైన సంఖ్య ఎలా దొరికిందంటే, దిగిన ప్రతి మనిషికీ ఒకటి నుంచి మొదలై వరుసగా ఒక నంబరు ఇచ్చారు. దాన్ని కలోనియల్ నంబరు అనేవారు. ఆ నంబరు ఒప్పందంతో తీరిపోయేది కాదు. పెళ్ళి నమోదుకు అదే, పిల్ల పుట్టినా అదే, తోట వదిలి బయట తిరగాలన్నా, చచ్చిపోయినా అదే. పేరు ఎన్ని రకాలుగా చెడిపోయినా నంబరు చెడలేదు.

మారిషస్ ఇంకొంచెం ముందుకు పోయింది. అక్కడ 1867 చట్టం ప్రకారం ఒప్పందం తీరిన పాత కూలీ కూడా ఫోటో అంటించిన టికెట్ వెంట ఉంచుకోవాలి. లేకుండా దారిలో పోలీసుకు దొరికితే దేశదిమ్మరి కింద లెక్క. మన దేశంలో సంపన్నులు కూడా ఫోటో తీయించుకోవడం అరుదైన రోజుల్లో ఆ దీవిలోని కూలీలకు ఫోటోలున్నాయి. ఈ ఫోటోలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరిచిన వలస దస్తరాల్లో ఉన్నాయి. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని ఈ అన్యాయాల మీద ఒక అర్జీ తయారుచేస్తే 9,401 మంది పాత కూలీలు దాని మీద తమ గుర్తు పెట్టారు. విచారణకు రాయల్ కమిషన్ వచ్చింది. అంతవరకూ తమ మీద వేలాడిన కాగితాన్ని వాళ్ళు మొదటిసారి ఎదురు తిప్పి వాడిన సందర్భాల్లో అదొకటి. రాత ప్లెవిట్జ్‌దే, కాని గుర్తు పెట్టిన చేతులు వాళ్ళవి.

పాస్‌లో ఆడమనిషి స్థానం వేరుగా చూడాలి. ప్రతి వంద మంది మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళుంటే గాని ఓడ కదలకూడదని నిబంధన. ఆ నలభై లెక్క కుదరక ఓడలు ఆగిపోయిన రోజులున్నాయి. కాబట్టి మేస్త్రీకి ఒంటరి స్త్రీ దొరికితే పంట పండినట్టే. విధవ, మొగుడు వదిలేసినది, కరువులో పుట్టింటికీ అత్తింటికీ చెడినది డిపోకు చేరేది. పెళ్ళయితే ఎవరితో అన్న గడిలో అక్కడికక్కడే ఒక పేరు పడేది. డిపో పెళ్ళి అని వాటిని చరిత్రకారులు పిలిచారు. కొన్ని నిజంగానే కాపురాలయ్యాయి. మన పల్లెల్లో ఆ రోజుల్లో రెండో మనువుకు వీలులేని కులాల స్త్రీలకు ఆ గడి ఒక తలుపు కూడా అయి ఉంటుంది. ఇది కాదనడం చరిత్రకు అన్యాయం. అయితే ఆ తలుపు అవతల ఉన్నది కూలీలైన్లు. 1913 మార్చిలో దక్షిణాఫ్రికాలో న్యాయమూర్తి సెర్ల్ క్రైస్తవ పద్ధతిలో కాని పెళ్ళి అక్కడ పెళ్ళి కాదన్న తీర్పు ఇచ్చినప్పుడు వలస వచ్చిన కుటుంబాల కాపురాలన్నీ ఒక్క పూటలో కాగితం లేనివయ్యాయి. ఆ ఏటి సత్యాగ్రహంలో స్త్రీలు జైళ్ళకు వెళ్ళడానికి అదొక ముఖ్య కారణం.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. కూలీ కూలీగా ఉన్నంతకాలం కాగితాలు వాడి ముందు తలుపులు తెరిచేవి. పాస్ సిద్ధం, ఓడ సిద్ధం, తిండి సిద్ధం. అయిదేళ్ళు తీరి, కూరగాయలు పండించుకునో, బుట్ట నెత్తిన పెట్టుకు అమ్ముకునో, చిన్న దుకాణం పెట్టుకునో తన కాళ్ళ మీద నిలబడ్డాడో లేదో, అవే కాగితాలు తలుపు మూయడం మొదలుపెట్టాయి. నేటాల్‌లో 1895 చట్టం వచ్చింది. ఒప్పందం తీరినవాడు తిరిగి దేశం పోవాలి, లేదా మళ్ళీ గిరిమిట్ రాయాలి, రెండూ కాదంటే ఏటా మూడు పౌండ్లు కట్టి లైసెన్సు తీసుకోవాలి. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం అన్న లెక్కన చూస్తే మూడు పౌండ్లంటే ఆరు నెలల కూలి. 1903లో ఈ పన్నును పదహారేళ్ళ కొడుకులకూ పదమూడేళ్ళ కూతుళ్ళకూ పొడిగించారు.

1896 డిసెంబరులో బొంబాయి నుంచి వచ్చిన రెండు ఓడలను ప్లేగు సాకుతో డర్బన్ రేవు బయట మూడు వారాలకు పైగా నిలిపివేశారు. వాటిలో ఒకదానిలో గాంధీ ఉన్నాడు. మరుసటి ఏడు, 1897లో, నేటాల్ ప్రభుత్వం ఒక చిత్రమైన చట్టం చేసింది. కొత్తగా రాదలచినవాడు ఏదో ఒక యూరపు భాష లిపిలో తన దరఖాస్తు తన చేత్తో రాయాలి. రాయలేకపోతే దిగనివ్వరు. చట్టంలో ఎక్కడా రంగు పేరు లేదు, జాతి పేరు లేదు. అంతా చదువు మీద ప్రేమే! లండనులోని వలసల మంత్రి చేంబర్లేన్‌కు ఈ ఉపాయం బాగా నచ్చింది. మిగతా వలస రాజ్యాలకు దీన్నే చూపించాడు. 1901లో ఆస్ట్రేలియా దీని దారిలోనే తన డిక్టేషన్ పరీక్ష పెట్టుకుంది.

1897 మనకు ఇంకో కారణం వల్ల గుర్తు. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు అచ్చయిన సంవత్సరం అది. విజయనగరంలో ఆధునిక తెలుగు సాహిత్యం పురుడు పోసుకుంటున్న ఆ రోజుల్లోనే, అదే జిల్లా పల్లెల నుంచి మనుషులు మద్రాసు డిపోకు నడుస్తున్నారు. ఒకసారి ఊహించండి. గిరీశం డర్బన్ రేవులో దిగితే? నాలుగు ఇంగ్లీషు ముక్కలు చేతిలో ఉన్నవాడు కాబట్టి ఆ పరీక్ష గట్టెక్కేవాడు. అసిరిగాడు సొంత డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని వెళితే వెనక్కి తిప్పేసేవారు. అదే అసిరిగాడు బొటనవేలు ముద్ర వేసి గిరిమిట్ మీద వెళితే? అక్షరం అక్కర్లేదు, ఎదురుగా వచ్చి దింపుకుంటారు. 1897 తర్వాత కూడా 1911 దాకా నిరక్షరాస్యులైన కూలీలను వేలకు వేలు అదే రేవులో దింపుకుంటూనే ఉన్నారు. అంటే చదువురాని మనిషి రావడం మీద ఆ ప్రభుత్వానికి అభ్యంతరం ఏమీ లేదు. స్వతంత్రుడిగా రావడం మీదే అభ్యంతరం. వలస కాగితం గురించి నాకు తెలిసిన అసలు సంగతి ఇదొక్కటే. మిగతా సాక్ష్యాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

వేలి ముద్ర చరిత్ర చూడండి. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే దొర రోడ్డు సామాను సరఫరా ఒప్పందం మీద ఒక కాంట్రాక్టరు చేత అరచేతి ముద్ర వేయించాడు, రేపు మాట తప్పకుండా. 1897లో కలకత్తాలో ఎడ్వర్డ్ హెన్రీ దగ్గర పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ముద్రలను వర్గీకరించే పద్ధతిని కుదిర్చారు. పేరు మాత్రం హెన్రీదే నిలిచింది. ఆ హెన్రీని 1900లో దక్షిణాఫ్రికాకు పంపారు. 1907 ట్రాన్స్‌వాల్ చట్టం ప్రతి ఆసియావాసీ పది వేళ్ళ ముద్రలు వేసి సర్టిఫికెట్ తీసుకోవాలన్నది. మన గడ్డ మీద నేరస్తుల కోసం సానపట్టిన పనిముట్టు సముద్రం దాటి మనవాళ్ళనే వెతుక్కుంటూ పోయింది. 1908 ఆగస్టు 16న జొహాన్నెస్‌బర్గ్‌లో హమీదియా మసీదు ఆవరణలో పెద్ద కాగులో రెండు వేలకు పైగా సర్టిఫికెట్లను పోసి కిరసనాయిలుతో తగలబెట్టారు. వ్యాపారులూ గుమస్తాలూ చేసిన ఆ పోరాటానికి 1913లో బొగ్గు గనుల కూలీలు, చెరకు తోటల కూలీలు సమ్మెతో వచ్చి కలిశాక గాని మూడు పౌండ్ల పన్ను 1914లో పోలేదు. కాగితం తగలబెట్టినవారిని చరిత్ర గుర్తు పెట్టుకుంది. పని ఆపినవారు మాత్రం చాలావరకు నంబర్లుగానే మిగిలారు.

ఇంతవరకు చదివినవారికి కాగితమే సంకెల అనిపించవచ్చు. అంత తేలిగ్గా తేల్చడానికి లేదు. బర్మా ఉదాహరణ అడ్డం వస్తుంది. 1937 ఏప్రిల్ 1న విడదీసేదాకా బర్మా ఇండియాలో భాగమే. కాకినాడలోనో విశాఖపట్నంలోనో డెక్కు టికెట్ కొనుక్కుంటే రంగూనులో దిగవచ్చు. పాస్ లేదు, గిరిమిట్ లేదు, రక్షకుడూ లేడు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళందరినీ అక్కడ కోరంగీలని పిలిచారు. మారిషస్‌లోనూ అదే పేరు. రంగూను రేవులో మూటలు మోసింది, వరి మిల్లుల్లో కాలిపోయింది, రిక్షాలు లాగింది ఎక్కువగా వీళ్ళే. కాగితం లేదు కదా, స్వేచ్ఛగా ఉన్నారా అంటే, మేస్త్రీ పద్దు పుస్తకం ఉంది. టికెట్ డబ్బు బాకీ, బియ్యం బాకీ, వడ్డీ బాకీ. ఆ పద్దు ప్రభుత్వపు రిజిస్టరు కాదు కాబట్టి ఏ భాండాగారంలోనూ మిగలలేదు. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత తెలుగు కూలీల మీద జరిగిన హత్యాకాండలో ఎందరు పోయారో సరైన లెక్క తేలకపోవడానికి ఆ కాగితం లేమి కూడా కారణమే.

కాగితం లేకపోవడం ఎంత ఖరీదో బర్మా విడిపోయాక తెలిసింది. 1941లో ఇండియా, బర్మా ప్రభుత్వాలు వలస ఒప్పందం చేసుకుని పర్మిట్లు పెట్టాయి. అది కాలూనకముందే యుద్ధం వచ్చిపడింది. 1942లో లక్షల మంది కొండలూ అడవులూ పట్టి నడిచారు. యుద్ధం తర్వాత వెళ్ళినవారినీ ఉండిపోయినవారినీ 1948 పౌరసత్వ చట్టం దరఖాస్తు పెట్టుకోమన్నది. రెండు తరాలుగా అక్కడే ఉన్నాం, మాకు దరఖాస్తు ఏమిటి అనుకున్నవారు ఎక్కువ. ఎప్పుడు వచ్చావు, రుజువేది అంటే చూపడానికి వాళ్ళ దగ్గర ఏముంది? 1964 మార్చి నుంచి దుకాణాలు జాతీయమయ్యాయి. మే 17న యాభై, వంద చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. తిరుగు ఓడలు మద్రాసుకూ విశాఖపట్నానికీ వచ్చాయి. ఎక్కేముందు రంగూనులో కస్టమ్స్ బల్ల ఉంది. మెడలోదీ చేతిదీ ఒలిచి పెట్టమన్న బల్ల అది. ఇల్లు, కొట్టు, దాచిన నగదు ఎలాగూ పోయాయి. కూతురి పెళ్ళికని చేయించిన బంగారం ఆ బల్ల మీద మిగిలింది. దేశంలోకి వచ్చేవాడి మూటనే వెతికే కస్టమ్స్ గురించి మనం మాట్లాడుకుంటాం గాని, వెళ్ళిపోయేవాడి జీవితకాలపు కూలిని వెనక్కి తీసుకున్న కస్టమ్స్ కూడా చరిత్రలో ఉంది. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చినవారి వల్లనే.

గిరిమిట్ వ్యవస్థ ఎలా పోయిందో తెలిసిందే. గోఖలే 1910 తీర్మానంతో నేటాల్ వలస మరుసటి ఏడు ఆగింది. ఫిజీ నుంచి తిరిగొచ్చిన తోతారామ్ సనాఢ్య 1914లో హిందీలో అచ్చు వేయించిన అనుభవాలు ఉత్తరాదిని కదిలించాయి. 1917లో ఓడలు ఆగాయి. ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి. సరిగ్గా ఆ ఏడే ఇండియన్ పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అంతకుముందు ఇంగ్లండుకు పోవడానికి మన బారిస్టర్లకు పాస్‌పోర్టు అక్కర్లేదు. యుద్ధకాలంలో తాత్కాలికం అని పెట్టినది శాశ్వతమయింది. ఆ పుస్తకం ఇవ్వడం మానడం ప్రభుత్వం దయ మీదే ఉండేది. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశాలకు వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమన్నాక గాని పాస్‌పోర్టుల చట్టం రాలేదు.

‘వలసదారుల రక్షకుడు’ అన్న పదవి మాత్రం ఏ రద్దులోనూ పోలేదు. 1922 చట్టంలో ఉంది, 1983 వలస చట్టంలోనూ ఉంది, హైదరాబాదులోనూ ఆ కార్యాలయం వెలిసింది. 1983 చట్టం తర్వాత పాస్‌పోర్టులు రెండు రకాలయ్యాయి, క్లియరెన్సు కావలసినవి, అక్కర్లేనివి. కాలక్రమంలో ఆ గీత పదో తరగతి దగ్గర స్థిరపడింది. ఉద్దేశం మంచిదే కావచ్చు, మోసపోయే అవకాశం ఎక్కువున్నవాడికి రక్షణ కావాలి కదా. కాని కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి పోయేవాడికి ఆ ముద్ర ఇంకొక ఏజెంటుకు ఇంకొంత సొమ్ముగా అనుభవమయింది. దాన్ని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద వెళ్ళినవారు, కడప జిల్లా నుంచి కువైట్ ఇళ్ళలో పనికి అలాగే వెళ్ళిన స్త్రీలు, అక్కడ దిగిన మరుక్షణం లెక్కలో లేనివారయ్యారు. ఇక్కడ చూపించిన ఒప్పందంలో జీతం ఒకటి, అక్కడ సంతకం పెట్టించిన అరబ్బీ కాగితంలో జీతం ఒకటి. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో. కఫీల్‌ను వదిలి పారిపోయినవాణ్ణి మనవాళ్ళు ఖల్లివెల్లి అన్నారు. గిరిమిట్ లాగే ఇదీ కూలీ నోట్లో పుట్టిన తెలుగు మాట; నిఘంటువులు ఇంకా పట్టించుకోలేదు. క్షమాభిక్ష ప్రకటించిన ఏడాది, 1996లోనో 2007లోనో 2018లోనో, దౌత్య కార్యాలయం ముందు వరసలో నిలబడి అతను తెచ్చుకునే కాగితం పేరు ఔట్‌పాస్. ముత్తాతల కాలంలో పోవడానికి పాస్ ఇచ్చారు, ఇతనికి రావడానికి ఇచ్చారు.

ఆ పాత పాస్‌లకు ఇప్పుడు కొత్త చదువరులు వచ్చారు. దక్షిణాఫ్రికా, ఫిజీ, మారిషస్‌ల నుంచి మనవలూ మునిమనవలూ జాబితాలు తిరగేస్తున్నారు. కొందరికి తమ ఊరు చూడాలని, కొందరికి ఓసీఐ కార్డుకు పూర్వీకుడి రుజువు కావాలని. కూలీని కట్టిపడేయడానికి పుట్టిన నంబరు అతని వంశానికి ఏకైక దారిగా మిగిలింది. నంబరు పట్టుకుంటే ఓడ దొరుకుతుంది, ఓడలో వరుస దొరుకుతుంది, వరుసలో జిల్లా విశాఖపట్నం అని ఉంటుంది. ఆ తర్వాత ఊరి పేరు. అక్కడ చిక్కొస్తుంది. కొత్తవలస లాంటి పేరు ఉంటే ఏ కొత్తవలస? విజయనగరం, శ్రీకాకుళం సీమల్లో వలస అని ముగిసే ఊళ్ళు లెక్కలేనన్ని. ఎప్పుడో ఏ కరువుకో, ఏ దండుకో భయపడి ఒక గుంపు మూటాముల్లె సర్దుకుని వచ్చి పొయ్యి వెలిగించిన చోటల్లా ఆ పేరు పడింది. ఆ రాకకు ఏ రిజిస్టరూ లేదు. ఠాణా గడిలో గుమస్తా ఏం రాశాడో చూడాలి, ఇంటిపేరు ఉంటే ఊరు తేలేది. వెతికేవాళ్ళు దొరికిన ప్రతి కొత్తవలసకూ వెళ్ళి, రచ్చబండ దగ్గర కూర్చున్న ముసలివాళ్ళను అడుగుతున్నారు, మీ వాళ్ళలో సముద్రం దాటి పోయి తిరిగి రానివాడు ఎవరైనా ఉన్నాడా అని.